సైరంధ్రి ఫిర్యాదు ఎవరు వినాలి?

పాత చిత్తూరు జిల్లా కలకడకు ఉత్తరాన, రాయచోటి దాటాక, కడప జిల్లా చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో వనారస గోవిందరావు అక్కడ ఆడించిన తొలి నాటకం ‘కీచక వధ’. తర్వాత ఆ పల్లె పేరే తెలుగునాట ఒక పెద్ద నాటక కుటుంబానికి పేరుగా నిలిచింది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లను రంగస్థలం మీదికి తెచ్చిన కుటుంబం అది. వాళ్ల ప్రయాణం మొదలైంది పనిచేసే చోట వేధింపులకు గురైన ఒక స్త్రీ కథతో.

ఆ కథ ఉన్న భారతంలోని విరాటపర్వాన్ని అలా చదవడం మనకు అలవాటు లేదు. చదివితే ఎంతో తెలుస్తుంది. అజ్ఞాతవాసంలో ద్రౌపది సైరంధ్రి పేరుతో విరాటుడి రాణి సుధేష్ణ దగ్గర పనికి కుదిరింది. వేధించిన కీచకుడు రాణికి తమ్ముడు, రాజుకు సేనాపతి. అతని ఇంటికి వెళ్లనని, అతడు అవమానిస్తాడని ఆమె ముందే మొరపెట్టుకుంది. అయినా మద్యం తెమ్మనే నెపంతో రాణి ఆమెను అక్కడికే పంపింది. తప్పించుకుని రాజుగారి కొలువులోకి పరుగెత్తుకొస్తే, కీచకుడు వెంటపడి వచ్చి నిండు కొలువులో తన్నాడు. మీ ఇద్దరి మధ్య నా కంటికి కనబడకుండా ఏం జరిగిందో తెలియకుండా ఎలా తీర్పు చెప్పగలను అన్నాడు విరాటుడు. కీచకుడు చచ్చాక అతని తమ్ముళ్లు ఆమెను అతని పాడెకు కట్టి శ్మశానానికి మోసుకుపోయారు. ఆమె ప్రాణాలతో తిరిగొస్తే, ఊరు విడిచి వెళ్లమని రాజు రాణితో చెప్పించాడు. ఇంకో పదమూడు రోజులు గడువివ్వమని ఆమె అడుక్కోవలసి వచ్చింది.

వద్దన్నా బలవంతుడి దగ్గరికి పంపడం, కళ్లెదుట జరిగినా తెలియదనడం, అతని వర్గం పగబట్టడం, చివరికి ఫిర్యాదు చేసిన మనిషినే పొమ్మనడం. స్త్రీలపై హింస విషయంలో కళాసంస్థలు ఇన్నేళ్లుగా నడిచిన తోవను కొలవడానికి ఈ నాలుగు మెట్లు చాలు. ఈ సంస్థలు రెండు రకాలుగా స్పందిస్తాయి. మొదటిది, లోకంలోని హింసను కళగా చూపడం. రెండోది, తమ గడప లోపల జరిగిన హింసకు జవాబు చెప్పడం. మొదటి పనిలో మన సంప్రదాయం ఘనమైనది. రెండో పనిలో ఇప్పటికీ విరాటుడి కొలువు దాటి బయటికి రాలేదు.

వేదిక మీద న్యాయం

పాత చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాలు చూసినవాళ్లకు ద్రౌపది కథ ఎంత సజీవమో వేరే చెప్పనక్కర్లేదు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. వస్త్రాపహరణం నాటి రాత్రి జనం కూర్చునే తీరే వేరుగా ఉంటుంది. చివర్లో మట్టితో పరిచిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ ఘట్టం ఆడతారు. ద్రౌపది అప్పుడే జుట్టు ముడుస్తుంది. ఆ తర్వాత అగ్నిగుండం. ఒక స్త్రీకి జరిగిన అవమానాన్ని ఏటా ఊరంతా కలిసి గుర్తుచేసుకుని, ఆమె శపథం తీరేదాకా కదలకుండా కూర్చునే ఏర్పాటు ఇది.

తిరుపతి గంగమ్మ జాతర ఇంకా సూటిగా మాట్లాడుతుంది. కొత్త పెళ్లికూతుళ్లను చెరబట్టే పాలెగాడిని అంతం చేయడానికి అమ్మవారు అవతరించిందని కథ. అతడు దాక్కుంటే ఆమె రోజుకో వేషంలో ఊరంతా వెతుకుతుంది. దొర వేషంలో ఎదురుపడి తల నరుకుతుంది. తర్వాత మాతంగి వేషంలో వెళ్లి అతని భార్యను ఓదారుస్తుంది. దుర్మార్గుడి ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఉందని, ఆమెకూ ఊరట కావాలని గుర్తించిన కథ ఇది. జాతర రోజుల్లో మగవాళ్లు చీరలు కట్టి ఆడవేషాలతో అమ్మను దర్శించుకుంటారు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మకు జరిగే జాతరలు కూడా ఈ సీమ ప్రజలకు ఏడాదిలో పెద్ద పండుగలు.

ఇంత బలమైన కథలున్న నేల మీద హింస తగ్గిందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల మధ్య ఉండి పెళ్లయిన స్త్రీలలో 30 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసకు గురయ్యారు. తెలంగాణలో అది దాదాపు 37 శాతం. దేవత కోసం ఏడ్చిన కళ్లు పక్కింటి కేకను దాటుకుని పోతున్నాయి. ఆచారమే హింసగా మారిన చోటు కూడా పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. దళిత కుటుంబాల ఆడపిల్లలను మాతమ్మ దేవతకు వదిలే ఆచారం మీద 2017 సెప్టెంబరులో జాతీయ మానవ హక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. దేవుడి పేరిట స్త్రీలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది 1988లో. చట్టం వచ్చి మూడు దశాబ్దాలకు కూడా ఆ నోటీసు అవసరం పడింది.

కీచక కథ ఇంకో దారి కూడా పట్టింది. 1907లో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ మరాఠీలో ‘కీచక వధ’ రాశారు. ప్రేక్షకులు కీచకుడిలో వైస్రాయిగా పనిచేసిన కర్జన్‌ను చూశారు. 1910లో బ్రిటిష్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యోద్యమానికి ఆ నాటకం చేసిన మేలు గొప్పది. అయితే సైరంధ్రి భారతమాతకు ప్రతీక కాగానే, పని చేసుకుని బతికే స్త్రీగా ఆమె పడ్డ బాధ వెనక్కి పోయింది. వేదిక మీది న్యాయానికి ఉన్న హద్దు ఇదే. అది స్త్రీని తల్లిగా, దేవతగా, దేశంగా పెంచుతుంది. ఫిర్యాదుదారుగా కూర్చోబెట్టి వినదు.

కళ కదిలించిన చోటు

కళకు ఏ శక్తీ లేదని ఇక్కడే తీర్మానించడం తప్పు. నెల్లూరు జిల్లా అనుభవం మన కళ్ల ముందుంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతా బృందాలు పాటలు, నాటికలతో ఊరూరా తిరిగాయి. రాత్రి బడుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు వల్ల చితికిన ఒక ఇంటి కథ అది. దూబగుంటలో ఆ చదువు దగ్గర కూడిన ఆడవాళ్లు తమ ఇళ్ల సంగతులు బయటికి మాట్లాడుకున్నారు. సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది.

ఇది ఫలించడానికి కారణం నాటికలు మాత్రమే కాదు. కథ ముగిశాక అదే చోట కూర్చుని మాట్లాడుకునే వీలుంది. చూసినవాళ్లు వారంవారం మళ్లీ కలుస్తున్నారు. చేతికందే దూరంలో ఒక పని కనబడింది. అమెరికాలో కళాకారిణి సుజాన్ లేసీ 1977లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన ‘త్రీ వీక్స్ ఇన్ మే’ కూడా ఈ దారిలోదే. పోలీసులకు అందిన అత్యాచార ఫిర్యాదులను మూడు వారాల పాటు రోజూ నగర పటం మీద ముద్ర వేస్తూ పోయారు. పక్కనే రెండో పటం పెట్టారు. బాధితులు సాయానికి ఎక్కడికి వెళ్లాలో అందులో ఉంది. హింసను చూపి ఆగిపోకుండా, వెళ్లవలసిన తలుపు కూడా చూపిన కళ అది. మన ప్రదర్శనల్లో ఎక్కువగా లోపించేది ఆ రెండో పటమే.

గడప లోపల

మదనపల్లెకు ఈ చర్చలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1919 ఫిబ్రవరి 28న రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలోనే. ఆ పాటకు స్వరాలు రాసిన మార్గరెట్ కజిన్స్ స్త్రీల ఓటు హక్కు కోసం 1917లో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన బృందం వెనుక నిలిచిన మనిషి. 1927లో అఖిల భారత మహిళా సమావేశం ఏర్పడడానికి ఆమే ముఖ్య కారణం. కళ, స్త్రీల హక్కు ఒకే మనిషిలో ఒకే ఊళ్లో కలిసిన సందర్భం అది. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కళాశాలకు ప్రిన్సిపాల్. మద్రాసులో 1936లో రుక్మిణీదేవి అరుండేల్ కళాక్షేత్రాన్ని స్థాపించినప్పుడు ఆమెకు తోడు నిలిచినవారిలో ఆయన ఒకరు.

ఆ కళాక్షేత్రంలోనే 2023 మార్చి చివర విద్యార్థినులు నేల మీద బైఠాయించారు. అధ్యాపకుల మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. అంతకుముందే సంస్థ అంతర్గత విచారణ ఆరోపణలు రుజువు కాలేదని తేల్చింది. విద్యార్థులకు దాని మీద నమ్మకం కలగలేదు. నిరసన లేచాకనే ఏప్రిల్ మొదటి వారంలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ అరెస్టయ్యాడు. విశ్రాంత న్యాయమూర్తి కె. కణ్ణన్ నాయకత్వాన స్వతంత్ర కమిటీ వచ్చింది. సంస్థలో కమిటీ లేకపోలేదు, ఉంది. ఉన్నా పిల్లలు వీధిన కూర్చోవలసి వచ్చింది. గురువు ఎదుట తల ఎత్తకూడదనే శిక్షణలో పెరిగిన అమ్మాయికి, ఆ గురువుతో కలిసి పనిచేసేవాళ్ల ముందు నోరు తెరవడం ఎంత కష్టమో ఆలోచించాలి. అరంగేట్రం, వేదిక, విదేశీ పర్యటన, సిఫారసు అన్నీ ఆ గురువు చేతిలోనే ఉంటాయి.

తెలుగు సినిమా దగ్గరికి వస్తే ఆ నాలుగు మెట్లు మరీ స్పష్టంగా కనబడతాయి. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఫిలిం చాంబర్ ఎదుట నటి శ్రీరెడ్డి నిరసన చేసింది. అవకాశాల పేరిట అమ్మాయిలను వాడుకుంటున్నారన్నది ఆమె ఆరోపణ. ఆమె ఎంచుకున్న పద్ధతి మీద ఎవరికైనా అభ్యంతరం ఉండవచ్చు. అయితే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ మొదటి స్పందన విచారణ కాదు. ఆమెకు సభ్యత్వం ఇవ్వమని, సభ్యులెవరూ ఆమెతో నటించకూడదని ప్రకటించింది. ఊరు విడిచి పొమ్మన్న విరాటుడి మాటకు దీనికి తేడా కనబడదు. జాతీయ మానవ హక్కుల సంఘం దీన్ని తనంతట తానే విచారణకు స్వీకరించి నోటీసులిచ్చింది. అసోసియేషన్ నిషేధాన్ని వెనక్కి తీసుకుంది. వేధింపుల ఫిర్యాదులకు కమిటీ వేస్తామని పరిశ్రమ ప్రకటించింది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసింది. సినిమా, టీవీ రంగాల స్త్రీలతో మాట్లాడిన ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టు చివర నటి సమంత ఆ నివేదికను బయటపెట్టమని అడిగే నాటికి కూడా అది ప్రజల ముందుకు రాలేదు. స్త్రీలు ధైర్యం చేసి చెప్పిన మాటలు బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా తెలియదనడంలో ఒక రకమే.

సమంతకు ఆ మాట అడిగే సందర్భం కేరళ నుంచి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో ఒక నటిని కారులో అపహరించి అత్యాచారం చేశారు. ఆ తర్వాత మలయాళ సినిమా స్త్రీలు సొంత సంఘం పెట్టుకున్నారు. వాళ్ల ఒత్తిడితో జస్టిస్ హేమ కమిటీ ఏర్పడి 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అది వెలుగు చూసింది 2024 ఆగస్టు 19న. ఈలోపు నటుల సంఘం ‘అమ్మ’ ఆ కేసులో అప్పటికి నిందితుడిగా ఉన్న నటుణ్ని తిరిగి చేర్చుకోవాలని నిర్ణయించగా, 2018లో నలుగురు నటీమణులు రాజీనామా చేశారు. నివేదిక వచ్చిన వారానికే ‘అమ్మ’ కార్యవర్గం మొత్తం దిగిపోయింది. సెట్ల మీద మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు కూడా లేవని ఆ నివేదిక రాసింది. అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ సంగతే. పెద్ద నేరాలకు నేల ఇలాంటి చిన్న నిర్లక్ష్యాల దగ్గరే తయారవుతుంది.

2024 సెప్టెంబరులో హైదరాబాదులో ఒక నృత్య దర్శకుడి మీద పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. ఫిలిం చాంబర్ కమిటీ విచారణ చేపట్టింది. ఫిర్యాదు చేసినామె పేరు, ఫోటో బయటపెట్టవద్దని మీడియాను కోరింది. ఆయనకు ప్రకటించిన జాతీయ పురస్కారాన్ని కేంద్రం నిలిపివేసింది. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. అయినా 2018తో పోలిస్తే సంస్థల మొదటి మాట మారింది. ఫిర్యాదు చేసినామెను బయటికి నెట్టకుండా, ఆమె వివరాలు కాపాడాలనే దగ్గర మొదలుపెట్టారు. ఈ మార్పును గుర్తించాలి, గట్టిగా పట్టుకోవాలి.

ఎందుకు చూడలేకపోతాయి

విరాటుడు చెడ్డవాడని భారతం చెప్పదు. కీచకుడు లేకపోతే తన రాజ్యం నిలవదని భయపడిన రాజు అతడు. కళాసంస్థల జబ్బు మూలం అక్కడే ఉంది. సినిమాకు హీరో, నాట్యశాలకు గురువు, నాటక సమాజానికి పద్యం పాడే పెద్ద నటుడు, ఉత్సవ కమిటీకి చందా ఇచ్చే పెద్దమనిషి. సంస్థ ఎవరి మీద ఆధారపడి బతుకుతుందో ఆ మనిషిని అది విచారించలేకపోతుంది. ప్రపంచంలో పేరున్న సంస్థలదీ ఇదే బాధ. నోబెల్ సాహిత్య బహుమతి ఇచ్చే స్వీడిష్ అకాడమీ ఒక సభ్యురాలి భర్త నడిపే సాంస్కృతిక వేదికకు ఏళ్ల తరబడి డబ్బు సాయం చేసింది. 2017 నవంబరులో 18 మంది స్త్రీలు అతనిపై ఆరోపణలు చేశారని ఒక పత్రిక రాసింది. దాని మీద అకాడమీ రెండుగా చీలింది. తొలి మహిళా శాశ్వత కార్యదర్శి సారా దానియుస్ పదవి వదులుకోవలసి వచ్చింది. 2018 బహుమతి ఆ ఏడు ఇవ్వనే లేదు. ఆ మనిషికి కోర్టు శిక్ష వేసింది. అకాడమీ పోగొట్టుకున్న పరువు మాత్రం నియమాలు మార్చుకున్నాక కూడా సులువుగా తిరిగి రాలేదు.

కాబట్టి మంచి మనుషులు పదవుల్లో ఉంటే చాలదు. ఫిర్యాదు వినే మనిషి రోజు గడవడం నిందితుడి చేతిలో ఉండకూడదు. ఈ ఒక్క సూత్రం మీద మిగతావన్నీ నిలుస్తాయి.

మండలం దాకా వచ్చే చట్టం

సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీదేవి కేసు నేపథ్యంలో 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ఆధారంగా 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. కళారంగం దీని పరిధిలో లేదనుకోవడం అపోహ. వినోద కార్యకలాపాలను చట్టం పేరు పెట్టి చేర్చింది. రోజు కూలికి, కాంట్రాక్టుకు, జీతం లేకుండా, శిక్షణకు వచ్చినవాళ్లు కూడా అందులోకి వస్తారు. పని కోసం వెళ్లిన ఊరు, యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచోటే. సినిమా నిర్మాణ యూనిట్లలో అంతర్గత కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022 మార్చిలో తేల్చి చెప్పింది. విశ్వవిద్యాలయాలకు యూజీసీ 2015 నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదుల్లో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కమిటీలో కూర్చోవాలి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికీ ఇవి వర్తిస్తాయి.

పది మందికి తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయిన చోట జిల్లా స్థానిక కమిటీ వినాలి. పల్లెల్లో మండల స్థాయిలో ఒక నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో ఆ కమిటీకి పంపాలి. అంటే కలకడ తిరునాళ్లకు పద్య నాటకం ఆడడానికి కాంట్రాక్టు మీద వచ్చిన నటికి, మదనపల్లెలో పాటకచేరీకి వచ్చిన గాయనికి, జాతరలో రికార్డింగ్ డాన్సుకు వచ్చిన అమ్మాయికి కూడా చట్టం ఒక తలుపు పెట్టింది. ఆ తలుపు ఎక్కడుందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఈ కమిటీలు సరిగ్గా ఏర్పడలేదని గమనించే 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టు గడువులు పెట్టి రాష్ట్రాలను ఆదేశించింది.

వేదిక మీద ఏముందన్న దాని మీద మన ప్రభుత్వాలు, పెద్దలు చురుగ్గా కదులుతారు. ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదుతో 2022 జనవరిలో ‘చింతామణి’ నాటక ప్రదర్శనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. రికార్డింగ్ డాన్సుల మీద చర్చ లేస్తే అశ్లీలం దగ్గరే ఆగుతుంది. ఆడిన అమ్మాయి బట్టలు కొలుస్తారు. రాత్రి రెండు గంటలకు ఆట ముగిశాక ఆమె ఎవరి వాహనంలో, ఎవరి పక్కన కూర్చుని వెళ్లిందో అడగరు. తెర వెనుక గురించి అదే చురుకుదనం చూపిన రోజే వేదికను బాగుచేశామని చెప్పుకోగలం.

ఎదురు వాదనలు

అబద్ధపు ఫిర్యాదుల వల్ల కళాకారుల జీవితాలు నాశనమవుతాయన్న భయం నిజాయితీ గలదే. దానికి మందు విచారణ మానుకోవడం కాదు. 90 రోజుల్లో ముగిసే, రెండు పక్షాలూ చెప్పుకునే వీలున్న, పేర్లు బయటికి పొక్కని విచారణ నిందితుడికీ రక్షణే. పుకారు నడిపే శిక్షకు హద్దుండదు.

గొప్ప కళను కళాకారుడి తప్పుతో ముడిపెట్టకూడదన్నది రెండో వాదన. ఒక పాటను వినాలా వద్దా అన్నది ప్రతి శ్రోతా తేల్చుకోవచ్చు. సంస్థ తేల్చవలసిన ప్రశ్న వేరు. అతని చేతికి విద్యార్థులను, అవకాశాలను, సన్మానాలను అప్పగించాలా అన్నదే అది. కళ పోతుందన్న దిగులు ఉన్నవాళ్లు వేధింపు భరించలేక పాట, ఆట, నటన మానేసి వెళ్లిపోయిన స్త్రీల కళ గురించి కూడా దిగులుపడాలి. ఆ నష్టానికి లెక్కే లేదు.

చేయదగినవి

పెద్ద పథకాలు అక్కర్లేదు. నాటక పరిషత్తులు, అకాడమీలు, ప్రభుత్వ సాంస్కృతిక శాఖ ఏ బృందానికి డబ్బు ఇచ్చినా, బహుమతి ఇచ్చినా, వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ వివరాలు చూపమని అడగాలి. ఉత్సవ కమిటీలు బృందంతో మాట్లాడుకునేటప్పుడే స్త్రీలకు వేరే గది, మరుగుదొడ్డి, రాత్రి ప్రయాణం, భోజనం రాతలో పెట్టాలి. ధర్మరాజుల గుడి దగ్గరా, గంగమ్మ జాతర ప్రాంగణంలోనూ మండల నోడల్ అధికారి పేరు, 181 మహిళా సహాయ నంబరు పెద్ద అక్షరాలతో బోర్డు మీద ఉండాలి. నాట్యం, సంగీతం నేర్పే చిన్న బడులు పిల్లలు చేరే రోజే తల్లిదండ్రులతో ఈ మాట మాట్లాడాలి. ప్రభుత్వాలు కమిటీల నివేదికలను బాధితుల వివరాలు తొలగించి గడువులోగా ప్రచురించాలి. ఫిర్యాదు చేసినందుకు వేషం పోయిన నటికి ఆ సీజన్ కూలి ఇప్పించే నియమం సంఘాలు రాసుకోవాలి. పగబట్టడం అనే మెట్టును విరిచేది అదొక్కటే.

ఇవన్నీ ఖర్చు తక్కువ పనులు. ధైర్యం మాత్రం ఎక్కువ కావాలి. ఎందుకంటే ప్రతి చోటా ఒక కీచకుడి అవసరం ఉందనుకునే విరాటుడు ఉంటాడు. నూట నలభై ఏళ్లుగా తెలుగు ప్రేక్షకుడు సైరంధ్రి పక్షాన కూర్చున్నాడు, ఆమెను తన్నినప్పుడు కోపంతో ఊగిపోయాడు. ఆ ప్రేక్షకుడే నేడు ఉత్సవ కమిటీలో సభ్యుడు, కళాశాల పాలకవర్గంలో పెద్ద, సినిమా సంఘంలో ఓటరు. నాటకం చూస్తూ పడ్డ ఆ కోపాన్ని కమిటీ గదిలో కూర్చున్నప్పుడు కూడా నిలుపుకోవాలని అతణ్ని అడిగే హక్కు ఈ నేల మీద పాడి, ఆడి, నటించి బతుకుతున్న ప్రతి స్త్రీకీ ఉంది.